సరోజత్త నిలబడిన మెట్టు

ఈ దసరాకు హొసకోటెలో మా సరోజత్త ఇంటికి వెళ్ళినప్పుడు నాకు అప్పగించిన పని బొమ్మల కొలువుకు దీపాల తీగ బిగించడం. సరోజత్త మా నాయనకు చెల్లెలు. బడి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆమె, నాగరాజు మామ అక్కడే, మామ ఇనుప పనుల షెడ్డు పక్కన, చిన్న ఇల్లు కట్టుకుని ఉంటున్నారు. నేను వెళ్ళేసరికి అయిదు మెట్ల మీద తెల్ల పంచె పరిచి ఉంది. బొమ్మలు ఇంకా ట్రంకు పెట్టెలో, పాత పేపర్ల చుట్టలలో ఉన్నాయి. మేకులు ఎక్కడ దిగుతాయో చూద్దామని పంచె అంచు ఎత్తాను. పై నుంచి రెండో మెట్టు మీద తెల్ల ఎనామెల్‌తో రాసిన ఇంగ్లీషు టి అక్షరం, దాన్ని కప్పేస్తూ నల్ల రంగు పట్టీ, ఆ నల్ల రంగులో ఒక కుడి పాదం ముద్ర కనిపించాయి. అయిదు వేళ్ళూ స్పష్టంగా పడ్డాయి. రెండో వేలి దగ్గర మెట్టె ఒత్తుకున్న గీత కూడా ఉంది.

"ఏమప్పా, ఆడ్నే కూచుండిపోతివి? తీగ చుట్టేది మరిచిపోతివా?" అని వంటింట్లోంచి అత్త కేకేసింది.

"అత్తా, ఇవి మన క్వయర్ మెట్లు గదా!"

"ఇంకేం మెట్లనుకుంటివి? షెడ్డులో ఇవి ఉండంగా మీ మామ కొత్తవి చేస్తాడా? ఆ ముద్ర మీద దశావతారాల సెట్టు పెడతా. కూర్మం సరిగ్గా మడమ మీదికి వస్తాది."

మా క్వయర్, అంటే బృందగానం వాళ్ళు, నిలబడి పాడటానికి ఆ మెట్లు గీసింది నేను. చేసింది మామ. ఆ టి అక్షరం రాసిందీ, దాని మీద నల్ల రంగు పూసిందీ నేనే. పాదం మాత్రం అత్తది. కొలువు పూర్తయ్యేదాకా ఆ మెట్టు వైపు పదే పదే చూస్తూ ఉన్నాను. నా భార్య లతకు ఆ కథ ముక్కలు ముక్కలుగా తెలుసు. మా అమ్మాయి నందినికి అసలు తెలియదు. ఇద్దరికీ వరసగా చెబుదామని మొదలుపెట్టినదే ఇది.

అప్పుడు మేము కన్నడ దేశంలో ఒక మహానగరం అంచున, హూడిలో ఉండేవాళ్ళం. తొంభైల చివరి మాట. హూడి అప్పటికి పల్లెటూరి వాసన పూర్తిగా వదలలేదు. రైలు పట్టాలకు అవతల రాగి చేలు, ద్రాక్ష తోటలు ఉండేవి. వాటి మధ్యలోంచి గాజు కట్టడాలు ఒక్కొక్కటే లేవడం మొదలైంది. ఆ కట్టడాల పనికి పాలమూరు నుంచి, అనంతపురం నుంచి వచ్చినవాళ్ళు రేకుల గుడిసెల్లో ఉండేవాళ్ళు. మాది వఠారం. ఒకే గోడను పంచుకునే ఇళ్ళు వరసగా, అందరికీ కలిపి ఒక కొళాయి, ఒక ఉతుకుడు బండ. ఒక భాగంలో నాయన, అమ్మ, అవ్వ, నేను. పక్క భాగంలో అత్త, మామ. వంట రెండు చోట్ల, తినడం ఎక్కడ ఉడికితే అక్కడ. తెల్లారగానే మామ తన షెడ్డు పక్కనున్న కోతమిల్లు నుంచి తెచ్చిన చెక్క పొట్టు వేసి నీళ్ళ హండే కింద మంట పెట్టేవాడు. ఆ పొగ వాసన, అవ్వ వడగట్టే కాఫీ వాసన, మామ చొక్కాకు ఎన్ని ఉతుకులు ఉతికినా వదలని ఇనుము వాసన, అత్త చేతి సంచిలోని సుద్దముక్కల వాసన, ఈ నాలుగూ కలిస్తే మా ఇంట్లో పొద్దున. రాగి ముద్ద, ఉప్పుచారు తిని ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళం. నాయన బ్యాంకు గుమాస్తా. అత్త హూడి సర్కారు బడిలో టీచరు. నేను డిప్లొమా ముగించి ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో సర్క్యూట్ బోర్డులు పరీక్షించే పనికి బస్సు మారి వెళ్ళేవాడిని.

సరోజత్త గొంతు లోతుగా ఉంటుంది. బొంగురు కాదు, జలుబు చేసిన గొంతు కాదు, శుభ్రమైన మగ గొంతు. గ్యాస్ ఏజెన్సీకి ఫోన్ చేస్తే అవతలివాళ్ళు "రేపొస్తాది సార్" అనేవాళ్ళు. ఆమె నవ్వేసి "సరప్పా" అనేది. అక్కడిదాకా బాగానే ఉండేది. చిక్కంతా పాటతో వచ్చేది. మా వైపు పెళ్ళిళ్ళలో నలుగు పెట్టేటప్పుడు ఆడవాళ్ళు అందరూ పాడాలి. అత్త చిన్నప్పుడు ఒక పెళ్ళిలో గొంతు కలిపితే, పెళ్ళికొడుకు వైపు పెద్దమనిషి ఆడవాళ్ళ గుంపులో మగవాడు ఎవడని గది తలుపు నెట్టుకొచ్చాడట. ఆ కథను అవ్వ ప్రతి పెళ్ళికీ ముందు గుర్తు చేసేది. "నువ్వు నోరు తెరవద్దే సరోజా, పసుపు దంచు చాలు," అనేది. పాడాలనే ఆశ అత్తకు ఉందో లేదో మాకెవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు. బడిలో ప్రార్థన చేయించే బాధ్యత ఆమెదే. పిల్లల ముందు నిలబడి పెదవులు మాత్రం కదిపేదని, ఎన్నో ఏళ్ళుగా అలాగే నెట్టుకొస్తోందని, తరువాత ఆమే చెప్పింది.

నేను క్వయర్‌లో చేరింది నా పక్క బల్ల మీద పనిచేసే బెన్నీ వల్ల. కాక్స్ టౌన్‌లో ఒక బడి హాలులో ప్రతి శనివారం సాయంత్రం సాధన జరిగేది. మగవాళ్ళు చాలడం లేదని, నోరు తెరిచే ప్రతివాణ్ణీ బెన్నీ లాక్కుపోయేవాడు. అది గుడి భజన లాంటిది కాదు, సినిమా కోరస్ లాంటిదీ కాదు. ఏడాదికోసారి పూర్తి వాద్యబృందంతో కలిసి పాడే పెద్ద క్వయర్. వయొలిన్లకు రికార్డింగ్ స్టూడియోల వాళ్ళు, బాకాలకు పోలీసు బ్యాండులోంచి రిటైరైనవాళ్ళు వచ్చేవారు. పాడేవాళ్ళలో నర్సులు, బ్యాంకు వాళ్ళు, కాలేజీ లెక్చరర్లు, పళ్ళ డాక్టరు ఒకాయన, మా లాంటి కంపెనీ వాళ్ళు ఉండేవారు. గొంతులు నాలుగు రకాలు: ఆడవాళ్ళ పై గొంతు, ఆడవాళ్ళ కింది గొంతు, మగవాళ్ళ పై గొంతు, మగవాళ్ళ కింది గొంతు. నాలుగు గొంతులూ ఒకేసారి నాలుగు వేరు వేరు పాటలు పాడినట్టు ఉంటుంది, కానీ వినేవాళ్ళకు ఒకటే వినపడుతుంది. మూడోదాన్ని టెనర్ అంటారు. ఏ ఊరి క్వయర్‌లోనైనా తక్కువ పడేది టెనర్లేనట. నన్ను అందులో నిలబెట్టారు. పాశ్చాత్య సంగీతంలో నాకు ఓనమాలు కూడా రావు. కానీ స్వరాలు రాసిన కాగితం సర్క్యూట్ పటంలాగే ఉంది. ఎడమ నుంచి కుడికి వెళ్ళాలి, ఏ గీత మీద ఏముందో చూడాలి, ఎక్కడ కలుస్తాయో గుర్తుపెట్టుకోవాలి. అట్లా నేర్చుకున్నాను.

నడిపించేది ఎర్నెస్ట్ సార్. లెక్కల టీచరుగా రిటైరైనాయన. కోలారు బంగారు గనుల ఊళ్ళో పుట్టి పెరిగినందువల్ల ఒకే వాక్యంలో ఇంగ్లీషు, తమిళం, తెలుగు వచ్చేవి. ఆయన మాకు అన్నిటికంటే ముందు నేర్పింది ఊపిరి. క్వయర్‌లో ఒక స్వరాన్ని ఎంతసేపైనా తెగకుండా నిలపవచ్చు, మనిషికి మాత్రం ఊపిరి అంతసేపు ఆగదు. అందుకని వంతులవారీగా తీసుకోవాలి. నియమాలు ఇవి. పంక్తి చివర తీసుకోకూడదు, ఎందుకంటే అక్కడ అందరికీ తీసుకోవాలనిపిస్తుంది. పక్కవాళ్ళు తీసుకుంటున్నప్పుడు తీసుకోకూడదు. తీసుకున్నాక స్వరంలోకి తలుపు తోసుకుని రాకూడదు, మెల్లగా చేరాలి. వీటన్నిటికీ పక్క మనిషిని వింటూ ఉండాలి. "నీ గొంతు నీకు వినపడతా ఉంటే నువ్వు ఎక్కువ పాడుతున్నావని అర్థం మ్యాన్," అనేవాడు.

ఎర్నెస్ట్ సార్ పెట్టిన ఇంకో అలవాటు, ప్రతి పెద్ద కచేరీకి ముందు ఒక బడికి వెళ్ళి పాడటం. టిక్కెట్టు కొని హాలుకు రాలేని పిల్లలున్న బడి కావాలి. పిల్లలను ఎదురుగా బాసింపట్టు వేయించి కూర్చోబెట్టడం ఆయనకు ఇష్టముండేది కాదు. పాడేవాళ్ళ మధ్యలో నిలబెట్టేవాడు. ఇద్దరు పాడేవాళ్ళు, నడుమ ఒక పిల్ల, మళ్ళీ ఇద్దరు, మళ్ళీ ఒక పిల్లవాడు. ఎదురుగా నిలబడితే పాట వినపడుతుంది, లోపల నిలబడితే పాట ఎట్లా తయారవుతోందో వినపడుతుంది అని ఆయన వాదన. ఆ ఏడు ఏ బడి అనే మాట వచ్చినప్పుడు నేను అత్త బడి పేరు చెప్పాను.

దానికి మెట్లు కావాలి. హాలులో ఉండేవి కదలవు. విప్పి మెటడోర్ వ్యానులో వేసుకుపోయే మెట్లు నేను గీశాను: యాంగిల్ ఇనుప చట్రం, ప్లైవుడ్ పలకలు, రెక్క నట్లు, ఇట్లాంటివి మూడు భాగాలు, ఒక్కోదానికి నాలుగు మెట్లు. మామ కాగితం చూసి తల ఊపాడు. వారం తరువాత షెడ్డుకు వెళితే అయిదు మెట్లున్నాయి. మెట్టు వెడల్పు నా అరచేతికి కొంచెం ఎక్కువ.

"మామా, దీని మీద మనిషి నిలబడేదెట్లా?"

"మనిషా? తెల్లగుడ్డ పరిచి వరసగా నిలబెడతారంటివి గదప్పా? నేను కొలువనుకుంటి."

"నాలుగు గదా గీసింది?"

"సరి మెట్లు ఎవురన్నా కడతారా? కొలువంటే బేసి ఉండాల."

పలకలు మార్చి వెడల్పు చేశాడు గానీ అయిదో మెట్టు మాత్రం తీయనన్నాడు. అదృష్టం బాగుండి అది అక్కరకొచ్చింది. కింది మెట్టు పొట్టి పిల్లలకు వదిలేశాం. దాని మీద ఆడవాళ్ళ పై గొంతు, ఆ పైన ఆడవాళ్ళ కింది గొంతు, ఆ పైన మేము టెనర్లం, అన్నిటికంటే పైన బెన్నీ వాళ్ళు. ఎవరి వరస వాళ్ళకు తెలియడానికి ఇంగ్లీషు అక్షరాలు రాశాను, టెనర్లకు టి.

బడి రోజున పిల్లలను మెట్లెక్కించే పని అత్తది. అది చిన్న పని కాదు. ఇద్దరు దిగితే నలుగురు ఎక్కేవాళ్ళు. గలాటా ఆపడానికి అత్త కూడా ఎక్కి, తోసుకుంటున్న ఇద్దరు పిల్లలను విడదీసి, నా పక్కన నిలబడిపోయింది. పాట మొదలైంది. బెన్నీ పక్కనున్న చిన్నపిల్ల అతని పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, "అన్నా, నీ కడుపులో మోటారుండాదా?" అంది. బెన్నీకి నవ్వు ఆగక ఒక పంక్తి పోయింది. తరువాత ఎర్నెస్ట్ సార్ పిల్లలకు ఊపిరి ఆట నేర్పాడు. ఒక్కో వరస ఒక్కో స్వరం పట్టుకుని ఆయన చెయ్యి దించేదాకా వదలకూడదు. ముందు పై గొంతుల వాళ్ళు ఆపారు, తరువాత కింది గొంతుల వాళ్ళు ఆపారు. టెనర్లు మాత్రమే మిగిలాం. ఆ రోజు వచ్చిందే ముగ్గురం. నా ఊపిరి అయిపోయింది, మిగతా ఇద్దరికీ అదే సమయానికి అయిపోయింది. స్వరం తెగిపోవాలి. తెగలేదు. నా కుడిపక్క నుంచి వస్తూనే ఉంది, నిటారుగా, ఏ వణుకూ లేకుండా.

ఎర్నెస్ట్ సార్ చెయ్యి దించడం మరిచిపోయాడు. అందరూ అటు చూసేసరికి అత్త చప్పున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంతమందిలో ఎవరికి వినపడుతుందిలే అనుకుందట.

"మేడం, ఆపొద్దు," అన్నాడు ఆయన. "శనివారాలు మీరేం చేస్తా ఉంటారు?"

"బట్టలుతుకుతా సార్," అంది అత్త.

"ఆదివారం ఉతుక్కోండి. నాకు టెనర్లు లేరు."

ఇంట్లో ఆ రాత్రి భోజనాల దగ్గర మాట బయటపడింది. అవ్వకు ముందు మతం అడ్డమొచ్చింది. "ఏసు పాటలా?" అని అడిగింది. లాటిన్ అని చెప్పాను. "లాటిన్ దేవుడెవురు?" అంది. అది భాష అవ్వా అని నేను చెప్పేలోపల నాయన అసలు మాటకు వచ్చాడు. ఆడది మగవాళ్ళ వరసలో నిలబడి మగ గొంతుతో పాడితే హాలంతా నవ్వుతుంది, ఆ నవ్వు రేపు వఠారానికి వస్తుంది అని ఆయన బాధ. "చిన్నప్పుటి నుంచి చూస్తాండాంలే. మల్లా ఇప్పుడు పిలిచి నవ్వించుకోవల్నా?" అన్నాడు. మామ ముద్ద మింగి నెమ్మదిగా అన్నాడు: "కట్టడం కాడ ఆడోళ్ళు మొగోళ్ళు ఒకే పరంజా ఎక్కుతారు గదా బావా. ఆడ ఎవురూ నవ్వరు." అత్త లేచింది. తట్టలు ఎత్తి కడిగేసింది. శనివారం నాలుగు గంటలకు మాత్రం ఉతికిన చీర కట్టుకుని నా ముందుకొచ్చి, "బస్సెన్నిటికప్పా?" అంది.

సాధన ఇంట్లో ఎక్కడ చేయాలన్నది పెద్ద ప్రశ్న. వఠారంలో దగ్గితే నాలుగిళ్ళకు వినపడుతుంది. చివరికి నీళ్ళ గది దొరికింది. హండే కింద మంట చిటపటమంటుంటే, నీళ్ళు మసులుతుంటే, ఆ చప్పుడు వెనకాల పాడుకునేది. మా ఇంట్లో మాట తెలుగు, రాత కన్నడ. అత్త చదివింది కన్నడ బడి కాబట్టి లాటిన్ మాటలను కన్నడ అక్షరాల్లో రాసుకుని, ఆవిరికి తడవకుండా పాలకవరులో పెట్టి మేకుకు తగిలించింది. ఆ ఏడు పాడబోయేది ఒక లాటిన్ ప్రార్థన. దాని చివర వాద్యాలన్నీ ఆగిపోతాయి. మిగతా మూడు గొంతులూ ఒక్కొక్కటే దిగిపోయి సద్దుమణుగుతాయి. టెనర్లు మాత్రం ఒకే స్వరం మీద నిలబడాలి. ఆ చివరి పేజీకే అత్త భయపడింది. "అందురూ ఆపేసినాక మనమే గదా మిగిలేది? ఆడ దొరికిపోతా," అనేది. పెళ్ళి గది తలుపు తోసుకొచ్చిన పెద్దమనిషి ఆమె మనసులో అక్కడే కాచుకుని ఉన్నాడు.

నేను నాకు తెలిసిన పద్ధతిలో సాయం చేశాను. టెనర్లలో ఎవరు ఎన్నో మాత్ర దగ్గర ఊపిరి తీసుకోవాలో పట్టిక వేసి అందరికీ పంచాను. పట్టిక ప్రకారం ఏ క్షణంలోనూ ఇద్దరు ఒకేసారి ఆగరు. మరుసటి శనివారం మాలో ఒకతనికి కామెర్లు వచ్చి రాలేదు. పట్టిక మొత్తం తలకిందులై, స్వరం రెండు చోట్ల చిల్లు పడింది. అత్తకు పట్టిక అక్కర్లేకపోయింది. పక్కవాళ్ళ భుజం చూసేది. ఊపిరికి భుజం లేవబోతుంటే తను ఆగేది, అది దిగగానే తను తీసుకునేది. నేను తొందరగా తీసుకుంటానని నన్ను తిట్టేది కూడా. ఎట్లా తెలుస్తుందని అడిగితే, "బడిలో ప్రార్థనప్పుడు పిల్లోళ్ళు ఆవలిస్తారు చూడు, టీచరు చూడనప్పుడు, పక్కోడు ఆవలించనప్పుడు. ఎన్నేండ్లు చూసింటా నేను!" అంది. పెదవులు మాత్రం కదుపుతూ పిల్లల ముందు నిలబడిన అన్నేళ్ళూ ఆమె చేసిన పని ఊపిర్లు గమనించడమే.

కచేరీకి ముందు వారం క్వయర్ కమిటీ కూర్చుంది. అందులో ఒక పెద్దావిడ, ఆడవాళ్ళ కింది గొంతుకు నాయకురాలు, మంచి మనిషే, ఒక ఉపాయం చెప్పింది. అత్త ఒక్క మెట్టు కిందికి దిగి ఆడవాళ్ళ వరస చివర నిలబడితే చూపుకు ఇబ్బంది ఉండదు, అక్కడి నుంచే టెనర్ పాడవచ్చు. ఎర్నెస్ట్ సార్ అది సరోజా మేడం ఇష్టం అన్నాడు. అత్త "సరే మేడం" అంది. ఆమె గొంతులో నాకు ఊరట వినపడింది. కిందికి దిగితే ఎవరూ చూడరు, ఆమెకు కావలసింది అదే అనుకున్నాను. చివరి పేజీలో మా భుజాలు ఆమె వెనక ఉంటాయి, ఆమెకు కనపడవు అన్నది సాంకేతికమైన లోపం. అది కూడా కమిటీకి చెప్పాను. "మేనేజ్ చేద్దాం" అన్నారు.

కచేరీ రోజు మధ్యాహ్నం నేను హాలులో మెట్లు బిగించి, టెనర్ల మెట్టు మీద అత్త చోటుకు రాసిన టి అక్షరం మీద నల్ల ఎనామెల్ పూసి, ఒక మెట్టు కింద కొత్త గుర్తు వేశాను. డబ్బా మీద ఆరే సమయం రాసి ఉంది గానీ ఆ రోజు వాన ముసురు. సాయంత్రానికి జనం వచ్చారు. మా వఠారం మొత్తం వచ్చింది. నాయన వెనక వరసలో, వాకిలికి దగ్గరగా కూర్చున్నాడు. అవ్వ ముందుకు వెళతానని పట్టుబట్టి మామతో రెండో వరసలో కూర్చుంది. మొదటి వరస ఎప్పుడూ ఆ ఏడు పాడి వచ్చిన బడి పిల్లలది. నూనె రాసి దువ్విన తలలతో, యూనిఫాం ఇస్త్రీతో, హూడి పిల్లలు కాళ్ళు ఊపుతూ ఉన్నారు.

తెర పక్కన మేము వరసగా నిలబడి ఉంటే అత్త చెయ్యి నా మోచెయ్యి పట్టుకుంది. "నాతో కాదప్పా. నేను ఈడ్నే ఉండి వింటా. నువ్వు పోయిరా," అంది. అంతలో వరస కదిలింది. కదిలే వరసలో ఆగితే వెనకవాళ్ళు గుద్దుకుంటారు, అన్నేళ్ళు బడిలో వరసలు నడిపించిన మనిషికి అది తెలుసు. నడిచింది. మెట్ల దగ్గరికి రాగానే ఆగి చెప్పులు విప్పింది. బూట్లతో, చెప్పులతో యాభైమంది ఎక్కుతున్న మెట్లకు ఆమె ఒక్కతే చెప్పులు విప్పింది, మామ చేసిన మెట్లు కదా, కొలువే అనిపించి ఉంటుంది. ఆడవాళ్ళ మెట్టెక్కి కొత్త గుర్తు దగ్గర నిలబడబోతుంటే, ముందు వరసలోంచి, బెన్నీ పొట్ట తడిమిన ఆ పిల్ల, అందరికీ వినపడేట్టు అరిచింది: "మా మిస్! మా మిస్! ఆడ కాదు మిస్, మీరు పైన గదా నిలబడింది!"

హాలు నవ్వింది. పెద్ద నవ్వే. ఏ నవ్వుకు ఆమె అంతకాలం భయపడిందో అది వచ్చేసింది. పాట మొదలు కాకముందే వచ్చేసి, ఒక నిమిషంలో అయిపోయింది కూడా. అత్త ఆ పిల్ల వైపు చూసింది. బడిలో జవాబు సరిగ్గా చెప్పిన పిల్లకు ఊపినట్టు తల ఊపింది. కొత్త గుర్తు దాటి పై మెట్టెక్కి, నా పక్కన, తడి ఆరని నల్ల రంగు మీద కాలు పెట్టింది.

"అత్తా, రంగు," అన్నాను పెదవి కదిలీ కదలకుండా.

"తెలస్తా ఉండాది. సుమ్మనే ఉండు, ఊరుకో," అంది.

పాట గురించి ఎక్కువ చెప్పలేను, లోపల ఉన్నవాడికి పాట మొత్తం ఎప్పుడూ వినపడదు. చివరి పేజీ ఒక్కటే గుర్తుంది. బాకాలు ఆగాయి, వయొలిన్లు ఆగాయి, బెన్నీ వాళ్ళ గొంతులు దిగిపోయాయి, మేము మిగిలాం. అత్త భుజం దిగగానే నేను తీసుకున్నాను, నా భుజం దిగగానే ఆమె తీసుకుంది, అటుపక్కవాడు మా ఇద్దరి మధ్య తీసుకున్నాడు. ఎర్నెస్ట్ సార్ కావాలనే చెయ్యి దించకుండా ఆ స్వరాన్ని ఇంకా సాగదీశాడు. అది తెగలేదు.

అయిపోయాక అవ్వ మామ చెయ్యి పట్టుకుని తెర వెనక్కి వచ్చింది. కోపంగా ఉంది.

"ఏమే, పాడినావా లేదా? చెవులు రిక్కించుకుని కూచుంటి. అందురిదీ ఒకటే వినపడె. నీ గొంతు యాడా కనపడకపాయె!"

"కనపడలేదా అమ్మా? నిజంగా కనపడలేదా?"

"లేదంటే!"

అత్త నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ మెట్టు మీద కూలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పుట్టినప్పటి నుంచి ఎక్కడున్నా వేరుగా వినపడిన గొంతు అది. అవ్వకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. ఆమె చూపు కూతురి నల్లటి అరికాలు మీద పడింది. "థూ, ఈ కాలేంటే! ఇంటికి పదా, కిరసనాయిలు పెట్టి తోమాల," అంది. నాయన మా బస్సులోనే వచ్చాడు. దిగేటప్పుడు అత్త చేతిలోని సంచి తను పట్టుకున్నాడు.

తరువాత కొన్నేళ్ళు అత్త ఆ మెట్టు మీదే పాడింది. ఆపైన ఎర్నెస్ట్ సార్ చూపు తగ్గి, చెల్లెలి దగ్గరికి కూనూరు వెళ్ళిపోయాడు. కాక్స్ టౌన్ హాలు పడగొట్టి కొత్తది కట్టారు. బెన్నీకి, నాకు శనివారాలు కూడా ఆఫీసు పని అయింది. మెట్లు పెట్టుకునే చోటు లేక మామ తన షెడ్డుకు తెచ్చుకున్నాడు. రెండు భాగాలు పెయింటర్లు అడిగి పట్టుకుపోయారు. ఇది మిగిలింది. హూడిలో ఇప్పుడు రాగి చేను అనే మాట ఎవరికైనా చెబితే నమ్మరు. అవ్వ పోయింది. ఆ బడి పిల్లల అమ్మానాన్నలు ఒక కట్టడం అయిపోగానే ఇంకో కట్టడానికి కదిలిపోయేవాళ్ళు కాబట్టి, ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో తెలుసుకునే దారి లేదు. కిందటి నెల మా కంపెనీ ప్రాంగణంలో ఒక క్వయర్ పాడింది. బాగా పాడారు. వరసకొక మైకు ఉంది, ఎవరి గొంతు హెచ్చితే దాన్ని వెనక కూర్చున్న ఒకతను తగ్గిస్తున్నాడు. మేము అంత శుభ్రంగా ఎప్పుడూ పాడలేదు. పిల్లలు ఎదురుగా కుర్చీల్లో కూర్చున్నారు. నేను మాత్రం అలవాటు కొద్దీ పాడేవాళ్ళ భుజాలు చూస్తూ ఉండిపోయాను.

కొలువు సాయంత్రం వీధిలోని ఆడవాళ్ళు పేరంటానికి వచ్చారు. కుంకుమ, తాంబూలం, శనగ గుగ్గిళ్ళు అయ్యాక, కొలువు ముందు ఎవరైనా ఒక పాట పాడాలన్నది ఆనవాయితీ. నందిని బడిలో నేర్చుకున్న పాట పాడింది. పేరంటానికి వచ్చిన ఒక కొత్త కోడలు కీర్తన పాడింది. తరువాత పక్కింటావిడ, ఏమీ తెలియక, "మీరొకటి చెప్పండి సరోజమ్మా," అంది. నేను కొలువు వెనక తీగలు సరిచేస్తున్నవాణ్ణి ఆగిపోయాను.

అత్త అటూ ఇటూ చూడలేదు. "నాకు మొత్తంగా వచ్చేది ఒకటే," అని కళ్ళు మూసుకుని లాటిన్ ప్రార్థనలో టెనర్ భాగం ఎత్తుకుంది. మిగతా మూడు గొంతులూ లేని ఒంటరి భాగం. అది పాటలా ఉండదు, ఇంటికి ఒక గోడ మాత్రం కట్టినట్టు ఉంటుంది. పేరంటాళ్ళు సంస్కృతం అనుకుని చేతులు జోడించారు. ఇంత కాలంలో ఏ చప్పుడు చాటూ లేకుండా ఆమె ఒక్కతే పాడగా నేను వినడం అదే మొదటిసారి. బయట గేటు చప్పుడైంది, ఎవరో ఆలస్యంగా వచ్చినావిడ అరుగు మీద కూర్చున్న మామను అడగడం అందరికీ వినపడింది.

"లోపల పాడేది ఎవురు, అన్నా? పురోహితులొచ్చినారా?"

"పురోహితులెవురూ లేరమ్మా. మా ఆమె," అన్నాడు మామ.

అత్త గొంతు తగ్గలేదు. చివరి పేజీకి వచ్చింది, ఆ ఒక్క స్వరం పట్టుకుంది. ఆమెకు ఇప్పుడు అరవై దాటాయి. స్వరం సగంలో ఆమె భుజం లేవబోవడం దశావతారాల పక్క నుంచి నాకు కనిపించింది. తీగ వదిలేసి నేను అందుకున్నాను, తలుపు తోసుకోకుండా. ఆమె తీసుకుని తిరిగి చేరింది, అప్పుడు నేను తీసుకున్నాను, మళ్ళీ ఆమె. నందిని నోట్లో గుగ్గిళ్ళు నమలడం ఆపి, ఒకసారి కొలువు ముందుకు, ఒకసారి కొలువు వెనక్కి చూసింది. చెయ్యి దించేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి, మాకు చాలనిపించిన చోట ఇద్దరం ఒకేసారి ఆపాం.

అత్త కళ్ళు తెరిచి కూర్మావతారం మీదుగా నా వైపు చూసింది.

"నువ్వు ఇంకా తొందరగానే తీసుకుంటా ఉండావప్పా," అంది.